ఎడమవైపు పూవు

మొన్న మా వీధి చివరి ఇంట్లో ఉండే అమ్మాయి వచ్చి గడప దగ్గరే నిలబడింది. ఆమె భర్తకు టీబీ అని తేలిందట. లోపలికి రమ్మన్నా రాలేదు.

"అన్నా, మీకు కూడా ఇదే వచ్చి బాగైందంట కదా. మీరు ఏ గుడికి పోయినారు?" అని అడిగింది.

"గుడి సంగతి తర్వాతమ్మా. ముందు మాత్రలు ఒక్కపూట కూడా మానకుండా చూసుకో" అన్నాను.

తల ఊపింది గానీ, నేనేదో దాస్తున్నానని అనుకున్నట్టు కనిపించింది. దాచిన మాట నిజమే. గడప దగ్గర నిలబెట్టి చెప్పగలిగే సంగతి కాదది. అందుకే ఇప్పుడు, రెండు వేల నాలుగులో, ఒంట్లో ఏ బాధా లేని రోజుల్లో కూర్చుని రాస్తున్నాను.

1996, చలికాలం

మాది హోసూరు వైపు, అత్తిముగం పక్కన చిన్న పల్లె. మా నాయన గొర్లు మేపేవాడు. మా అన్న మునిరాజు చేను చూసుకుంటూ, మా ఇంటి దేవత గంగమ్మకు పూజ కూడా చేసేవాడు. నేను హోసూరులో తెలుగు మీడియంలో చదువుకుని, అక్కడే ఒక ఫ్యాక్టరీలో చేరాను. భార్య పద్మ, నాలుగేళ్ళ కూతురు గీత, ఒక గదీ వంటిల్లూ ఉన్న అద్దె ఇల్లు. అదీ నా సంసారం.

ఫ్యాక్టరీలో నాది తనిఖీ పని. మిషన్ మీది నుంచి వచ్చిన భాగానికి ఉన్న రంధ్రంలో గేజి పెట్టి చూడాలి. గేజికి రెండు కొనలుంటాయి. ఒకటి రంధ్రంలోకి పోవాలి, రెండోది పోకూడదు. పోకూడని కొన పోయిందంటే ఆ భాగం తుక్కు డబ్బాలో పడాల్సిందే. మిషన్ నడిపేవాళ్ళు వచ్చి బతిమాలేవాళ్ళు.

"ఇంకోసారి పెట్టి చూడప్పా, నువ్వు వంకరగా పెట్టినావు."

"ఎన్నిసార్లు పెట్టినా రంధ్రం చిన్నదైపోతాదా?" అని నవ్వేవాణ్ణి. ఆ నవ్వులో కొంత గర్వం ఉండేది.

ఆ చలికాలం దగ్గు పట్టుకుంది. ఆ రోజుల్లో హోసూరులో దగ్గని మనిషి ఉండడు కాబట్టి పట్టించుకోలేదు. సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడేది. పద్మ నా చొక్కా భుజం దగ్గర పట్టుకుని, "ఇది నీదేనా, మీ అన్నది ఏసుకొచ్చినావా?" అని నవ్వింది. కొన్నాళ్ళకు నవ్వడం మానేసి ఆసుపత్రికి లాక్కుపోయింది.

ఆసుపత్రి వరండాలో బెంచీ మీద నేను దగ్గినప్పుడల్లా పక్కవాళ్ళు కొంచెం కొంచెం జరిగేవాళ్ళు. చివరకు బెంచీ మీద నా చుట్టూ ఖాళీ మిగిలింది. అప్పుడొక ముసలావిడ వచ్చి ఆ ఖాళీలో నాకు ఆనుకునేంత దగ్గరగా కూర్చుంది. "నాది కూడా ఇదే దగ్గు నాయినా, బెదురుకోవద్దు" అని కొంగుముడి విప్పి ఒక మిరియపు గింజ నా చేతిలో పెట్టింది. ఆమె పేరు కూడా అడగలేదు నేను. ఆ తరువాతి రెండేళ్ళలో, గీత తప్ప, నాకు అంత దగ్గరగా, భయం లేకుండా కూర్చున్న మనిషి ఇంకొకరు లేరు.

టీబీ అన్నారు. మాత్రలిచ్చారు. ఆరు నెలలు మానకూడదన్నారు. ఫ్యాక్టరీలో చెబితే పని పోతుందని చెప్పలేదు. ఇంటి ఓనరుకు తెలిస్తే ఖాళీ చేయిస్తాడని చెప్పలేదు. పద్మ నా కంచం, లోటా వేరు చేసింది. గీత మాత్రం వేరు కాలేదు. ఎంత దూరం పెట్టినా ఎక్కడినుంచో వచ్చి మెడకు వేలాడేది.

1997, ఉగాది దాటాక

ఆ మందులు మింగినవాళ్ళకే తెలుస్తుంది. కడుపులో తిప్పడం, అన్నం వాసన పడకపోవడం, ఒంటేలు నారింజ రంగులో పోవడం. కానీ దగ్గు తగ్గింది. చొక్కా మళ్ళీ బిగుతైంది. నాకు బాగైపోయిందని నాకు నేనే తేల్చుకున్నాను. దానికి ఒక సాక్ష్యం కావాలి. ఎక్స్‌రే తీయించుకోవచ్చు. అది వద్దనిపించింది. ఏం చూపిస్తుందో అని భయం. ఊరికి పోయి అమ్మవారిని పూవు అడుగుదామనుకున్నాను.

మా వైపు పెండ్లి సంబంధమైనా, బోరు వేయించడమైనా, పెద్దపని తలపెడితే పూవు అడుగుతారు. పూజారి విగ్రహాన్ని నీళ్ళతో తడిపి, రెండు భుజాలకూ రెండు చేమంతులు అంటిస్తాడు. అడగాల్సింది మనసులో అడిగి, చేతులు జోడించి చూస్తూ ఉండాలి. కుడివైపు పూవు ముందు పడితే సరేనన్నట్టు. ఎడమది పడితే వద్దన్నట్టు.

నాకు కావలసిన దేవత ఎలాంటిదో గుడి మెట్లెక్కక ముందే నా మనసులో సిద్ధంగా ఉంది. నన్ను చూసి జాలిపడాలి. ఇంత కష్టపడ్డావు, ఇక చాల్లే అనాలి. ఆగమని చెప్పే దేవత, కసిరే దేవత నా ఊహలోనే లేదు. అందుకే "మందులు మానేయవచ్చునా తల్లీ" అని అడిగి కళ్ళు తెరిచేసరికి ఎడమవైపు పూవు పడి ఉంటే, అది జవాబని నాకు తోచనే లేదు. ఏదో పొరపాటు జరిగిందనుకున్నాను.

"అన్నా, తడి చాల్లేదు. పూవు దానంతటదే జారింది. ఇంకోసారి పెట్టు" అన్నాను.

"అమ్మ చెప్పేసింది గదరా కిష్టా. మళ్ళీ మళ్ళీ అడిగేకి ఇదేమన్నా సంతబేరమా?"

"నేనే సరిగ్గా అడగలేదన్నా. మనసు ఎక్కడో ఉండింది."

అన్న నా ముఖంలోకి చూసి, మళ్ళీ విగ్రహాన్ని తడిపాడు. ఈసారి ఏ పూవూ పడలేదు. మోకాళ్ళు నొప్పి పుట్టేదాకా నిలబడ్డాం. బయట వదిన ఎండబెట్టిన చింతపండు మీది కాకులను తోలుతూ, "అన్నదమ్ములు లోపల నిద్రపోయినారా ఏమి?" అని అరిచింది. మూడోసారి పెట్టమన్నాను. అన్న నా వైపు చూసి, పూలు మళ్ళీ అంటించాడు. మూడోసారి కుడివైపు పూవు పడింది. చాలా తొందరగా పడింది.

ఆ మూడో పూవును కళ్ళకద్దుకుని జేబులో పెట్టుకున్నాను. మొదటిది నేల మీదే వదిలేశాను.

పద్మకు చెప్పలేదు. చెబితే, "అమ్మ మందు మానమని చెప్తాదా యాడన్నా?" అని ఒక్కమాటతో తేల్చేస్తుందని తెలుసు. పొద్దున ఆమె మాత్రలు నా అరచేతిలో పోసేది. నోట్లో వేసుకుని, నాలుక కిందికి తోసి, నీళ్ళు గటగటా తాగేవాణ్ణి. "నాయిన మింగేసినాడమ్మా!" అని గీత చప్పట్లు కొట్టేది. సైకిలెక్కి సందు మలుపు తిరిగాక కాలవలో ఉమ్మేసేవాణ్ణి. నోరంతా చేదుగా ఉండేది. ఆ చేదుతోనే ఫ్యాక్టరీకి పోయి, ఇతరులు చేసిన భాగాల్లో తప్పులు పట్టేవాణ్ణి.

1998, వానాకాలం

ఫ్యాక్టరీలో చేతులు కడుక్కుంటూ దగ్గాను. తొట్టిలో ఎర్రగా కనిపించింది. ఎవరూ చూడకముందే నీళ్ళు వదిలాను.

అదే నెలలో గీత మెడ పక్కన గడ్డ తేలింది. పద్మ ఇద్దరినీ వెంటపెట్టుకుని కృష్ణగిరికి బయలుదేరింది. బస్సులో గీత నా ఒళ్ళోకి రాబోతే చెయ్యి పట్టి వెనక్కి లాగింది. శూలగిరి దాటేదాకా పిల్ల ఏడ్చింది. నేను కిటికీ వైపు తిరిగి కూర్చుని మళ్ళీ ఆనవాళ్ళు వెతకడం మొదలుపెట్టాను. వచ్చే ఊరిలో బస్సు ఆగితే పాపకు ఏమీ లేనట్టు. ఆగలేదు. సరే, ఆ పై ఊరిలో.

అక్కడి డాక్టరమ్మ తమిళావిడ. తెలుగు ఒక్కో మాటా కూడబలుక్కుని మాట్లాడేది. గీతకు కూడా అదే రోగం అంటుకుందని చెప్పింది. మందులతో పోతుందని కూడా చెప్పింది. తరువాత నా వైపు తిరిగింది.

"మీరు మాత్రలన్నీ సరిగా మింగినారా?"

"మింగినాను."

"నా కండ్ల ముందరే మింగినాడమ్మా, ఒక్క దినం కూడా తప్పలేదు" అంది పద్మ. నా తరఫున ఆమె అంత గట్టిగా మాట్లాడటం అదే చివరిసారి.

డాక్టరమ్మ పెన్ను పక్కన పెట్టింది. "అన్నీ మింగినా తిరిగి వచ్చిందంటే, ఆ మందులు ఈ రోగానికి పని చేయలేదనే కదా. అట్లయితే పాపకు అవి ఇచ్చి ఉపయోగం లేదు. వేరేవి చూడాలి. అవి చిన్నపిల్లలకు చాలా కష్టం."

మమ్మల్ని బయట కూర్చోమంది. వరండా నిండా మనుషులు. గీత నేల మీది గళ్ళలో ఒంటికాలి మీద గెంతుతోంది. నేను మళ్ళీ గోడ మీది బల్లి కోసం, ఎవరి నోటినుంచైనా వచ్చే మంచిమాట కోసం చూశాను. నా అబద్ధం పట్టుబడకుండా బిడ్డ బాగుపడే మార్గం ఏదైనా ఉంటే చూపించమని అడిగాను. ఏ బల్లీ పలకలేదు. జవాబు చెప్పాల్సినవాణ్ణి నేనేనని, ఎదురు చూడాల్సింది ఎవరి కోసమూ కాదని అర్థం కావడానికి అంతసేపు పట్టింది.

"పద్మా, నేను మింగలేదు" అన్నాను.

"ఏమి?"

"పోయిన సంవత్సరం ఉగాది దాటినాక మానేసినాను. నాలిక కింద పెట్టుకుని బయట ఉమ్మేసినాను. గంగమ్మ పూవు ఇచ్చింది."

ఆమె అరవలేదు. లేచి గీత చెయ్యి పట్టుకుని డాక్టరమ్మ గదిలోకి పోయి, నేను అన్నదంతా ఆమెకు చెప్పింది. తిరిగొచ్చి నాతో ఒకే మాట అంది.

"బిడ్డ చేత చప్పట్లు కొట్టించుకున్నావే."

పాత మందులే గీతకు ఇవ్వవచ్చని తేలింది. నన్ను అక్కడే వార్డులో చేర్చుకున్నారు. పద్మ బిడ్డను తీసుకుని మత్తూరులో వాళ్ళమ్మ ఇంటికి పోయింది.

అదే ఏడు, వార్డులో

రోజూ సూది. సూది వేశాక చెవుల్లో గుయ్‌మని మోత. మిగతా పొద్దంతా చేసే పని లేదు. మత్తూరు బస్సు వచ్చే వేళ నాకు తెలిసిపోయింది. ఆదివారం పద్మ వస్తే దేవుడు నన్ను వదిలేయలేదని పందెం వేసుకున్నాను. రాలేదు. సరే, మా అత్త వచ్చినా చాలనుకున్నాను. ఆమె కూడా రాలేదు. ఒకరోజు ఎదురు మంచం మనిషిని చూడటానికి మత్తూరు నుంచి ఎవరో చుట్టం వచ్చాడు. ఇదీ ఆనవాలే అనుకున్నాను. పక్క మంచం మీది శెట్టిగారికి నా పందేల సంగతంతా చెప్పాను.

శెట్టిగారిది సామల్పట్టి. బట్టల వ్యాపారం. తాగుడు కోసం మాత్రలు మానేసి, మూడోసారి వార్డుకు వచ్చిన మనిషి. సగం నోటితో దగ్గుతూ సగం నోటితో నవ్వేవాడు.

"ఏమప్పా, ముందర పెండ్లాం రావాలంటివి. తర్వాత అత్తకు దిగితివి. ఇప్పుడు ఎవురి చుట్టమో వస్తే దేవుడు వచ్చినాడంటావు. రేపు మత్తూరు నుంచి ఈగ వస్తే దానికి కూడా హారతి పడతావా?"

"మీకు దేవుని మీద నమ్మకం లేదా శెట్టిగారూ?"

"ఉండాది. ఆయప్పకు పరీక్ష పెట్టేంత చదువు నాకు లేదు. నువ్వయితే పరీక్షా నువ్వే పెడతావు, మార్కులూ నువ్వే ఏస్తావు. పాపం, ఆయప్ప పాసవక ఏం చేస్తాడు?"

నాకు కోపం వచ్చింది. రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆయన మాత్రం తన ఇంటినుంచి వచ్చిన ఇడ్లీలు నా మంచం మీద పెట్టడం మానలేదు. వానలు తగ్గే రోజుల్లో ఒక పొద్దున లేచేసరికి ఆయన మంచం మీది పరుపు లేదు. ఇనుప పట్టీలు కడిగి ఆరబెట్టి ఉన్నాయి. ఫినాయిలు వాసన.

అప్పుడు నాకు మొదట వచ్చిన ఆలోచన రాయకుండా దాటేయవచ్చు. కానీ అది దాటేస్తే ఇది రాసి ప్రయోజనం లేదు. దేవుణ్ణి వెక్కిరించినందుకే పోయాడు, నేను మిగిలాను అనుకున్నాను. ఒక మనిషి చావును కూడా నా వైపు పడిన పూవుగా లెక్కేసుకున్నాను. ఆయన పెట్టిన ఇడ్లీల పొట్లం ఆకు ఇంకా నా మంచం కింద ఉంది. దాన్ని చూసి నా మీద నాకే అసహ్యం వేసింది. ఆ రోజునుంచి పందేలు కట్టడం మానేశాను. మానేశాక వార్డు ఇంకా నిశ్శబ్దమైంది. ఆనవాళ్ళు వెతికినన్నాళ్ళూ ఎవరో నాతో ఉన్నట్టు ఉండేది. ఇప్పుడు మంచం, నేను, చెవుల్లో మోత.

అన్న వచ్చింది ఆ తరువాతే. మంచం పట్టీ మీద కూర్చున్నాడు. ముఖం పీక్కుపోయింది. సంచీలోంచి జామకాయలు తీసి పెట్టాడు, మళ్ళీ సంచీలో వేశాడు, మళ్ళీ తీశాడు.

"కిష్టా, నీకొకటి చెప్పల్ల. ఆ మూడో పూవు అమ్మ ఇచ్చింది కాదు. ఎడమదాన్ని నేనే గట్టిగా అదిమి పెట్టినాను. కుడిదాన్ని ఊరికే ఆనించినాను. నీ మొగం చూళ్ళేకపోతిని. నువ్వు ఏమడిగినావో నాకు తెలీదురా. ఉద్యోగం గురించి ఏమో అనుకుంటిని. మందులు మానే మాటని తెలిసుంటే చేస్తానా?" చేతిలో జామకాయను అటూ ఇటూ తిప్పాడు. "నీకు తిరగబడిందని తెలిసినప్పటినుంచి గుడి తలుపు తీసేకి చెయ్యి రావడం లేదు. మీ వదిన చేత దీపం పెట్టిస్తా ఉండాను."

"నాకు తెలుసన్నా" అన్నాను.

"ఏం తెలుసు?"

"నీ బొటనవేలు చూసినాను."

నిజంగానే చూశాను. వెంట్రుకవాసి తేడా పట్టుకోవడమే నా ఉద్యోగం. అన్న బొటనవేలు ఎడమ పూవు మీద ఎంతసేపు ఆగిందో, కుడిదాన్ని ఎలా తాకీ తాకకుండా వదిలాడో నా కళ్ళకు కనిపించకుండా పోలేదు. కనిపించింది చూడలేదనుకున్నాను. చూడలేదనుకోవడం నాకు అంత సులువుగా చేతనైంది.

అన్న లేచి నిలబడ్డాడు. "చూసి గమ్మునుంటివా? చూసినోడివి తిరగబడినాకైనా ఒక మాట చెప్పకూడదా? నా తమ్ముణ్ణి నేనే చంపుకుంటినని ఇన్నాళ్ళు కూడు దిగక చస్తా ఉంటినే!"

జామకాయలు వదిలేసి పోయాడు. వార్డు తలుపు దాటేదాకా ఆ వీపునే చూశాను. ఆయన మోస్తున్న బరువు నాదని తెలిసీ మోయనిచ్చాను. రోగం అంటించింది బిడ్డ ఒక్కదానికే కాదు.

1999

వార్డునుంచి వదిలాక మత్తూరుకు పోయాను. మా అత్త వాకిట్లోనే చెంబుతో నీళ్ళిచ్చి, లోపలికి రమ్మనలేదు. పద్మ బయటకు వచ్చింది.

"మందులు ఇంకా ఎన్నాళ్ళు?" అంది.

"ఎండాకాలం అయ్యేదాకా."

"నేను ఇస్తాను. నా ముందర మింగల్ల. మింగి నోరు తెరిచి చూపించల్ల. నాలిక ఎత్తల్ల. దానికి ఒప్పుకుంటే హోసూరుకు వస్తాం."

ఒప్పుకున్నాను. నాకు బాగైందనడానికి ఆకాశంలోంచి రుజువు కావాలని తిరిగినవాణ్ణి, ప్రతి పొద్దునా వంటింటి గడప దగ్గర నోరు తెరిచి రుజువు చూపించేవాణ్ణి. గీతకు కూడా మందులుండేవి. పిల్ల నా పక్కన నిలబడి తనూ నాలుక ఎత్తేది. ఈసారి చప్పట్లు ఉండేవి కావు. పద్మ వెలుతురు వైపు నా గడ్డం తిప్పి చూసి, తల ఊపి, పొయ్యి దగ్గరకు పోయేది. అంతకు మించి మా మధ్య మాటలు లేవు. ఒకే గదిలో ముగ్గురం ఉన్నా నా చాప గోడ వారగానే ఉండేది.

గీత మెడ మీది గడ్డ కరిగింది. ఎండాకాలం చివర డాక్టరమ్మ నా ఎక్స్‌రే కిటికీకి ఎత్తి పట్టి చూసి, ఇక చాలంది. ఆ రోజే అత్తిముగం బస్సెక్కాను. అన్న గుడి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నేను పక్కన కూర్చున్నాను. చాలాసేపు గొర్ల గురించి, వానల గురించి ఒకటీ అరా మాట్లాడుకున్నాం.

"పూవు అడగల్నా?" అన్నాడు చివరికి, నా వైపు చూడకుండా.

"వద్దన్నా. అమ్మ ఇంతకు ముందే చెప్పింది."

అమ్మ చెప్పిందో, తడి తక్కువై ఆ పూవు జారిందో నాకు ఈనాటికీ తెలియదు. తెలుసుకునే దారి కూడా కనిపించదు. తెలిసిందల్లా ఒకటే. నేను అడిగాను, ఎడమవైపు పూవు పడింది. నా జీవితంలో అడగ్గానే దొరికిన జవాబు అదొక్కటే. నేను కోరిన దేవత అలా మాట్లాడదని దాన్ని నేల మీద వదిలేశాను. అన్న లేచి, చాలా రోజులకు, తన చేత్తో గుడి తలుపు తీశాడు. మేమిద్దరం ఏమీ అడగకుండా దండం పెట్టుకున్నాం.

ఆ రాత్రికే హోసూరుకు తిరిగొచ్చాను. మరునాటి పొద్దున లేవగానే, అలవాటు కొద్దీ, వంటింటి గడప దగ్గరకు పోయి నోరు తెరిచి నిలబడ్డాను. అరచేతిలో మాత్రలు లేవు. పద్మ పిండి కలుపుతున్నదల్లా తలెత్తి చూసింది. మందులు అయిపోయిన సంగతి ఆమెకు తెలుసు. చేతులు కడుక్కుని, కొంగుకు తుడుచుకుని, దగ్గరకు వచ్చింది. గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పింది.

"నాలిక ఎత్తు" అంది.

ఎత్తాను.